బయటి వరస గుర్రం

మావాడి పోరు పడలేక మొన్న ఆదివారం చెన్నై దగ్గర ఇల్లలూరులో ఉన్న వండర్లా వినోదాల పార్కుకి వెళ్లాం. 2025 డిసెంబర్లో తెరిచినప్పటి నుంచీ ఇంట్లో ఇదే గోల. వేళచ్చేరి నుంచి బయల్దేరేసరికే ఎండెక్కింది. అమ్మ తెచ్చిన పులిహోర కారులోనే ఖాళీ అయిపోయింది.

వాడి గురంతా తంజోరా అనే రోలర్ కోస్టర్ మీదే. దానికి పట్టాలు నెత్తిమీద ఉంటాయి, మనం కింద వేలాడతాం, కాళ్లకింద ఏమీ ఉండదు. అమ్మ ఒకసారి పైకి చూసి, "నువ్వు ఎక్కబాకే తల్లీ, పిల్లోడి సంగతి వాళ్ల నాన్న చూసుకుంటాడు" అంది. అయినా ఎక్కాను. భుజాల మీదికి కడ్డీ దిగి టక్కున బిగుసుకుంది. ఒక కుర్రాడు వరసగా అందరి కడ్డీలూ గుంజి చూసి వెళ్లిపోయాడు. ఎవరి మొహమూ చూళ్లేదు. తప్పేం కాదులెండి, అతని పని కడ్డీ చూడటం. ఆ తర్వాత ఏం జరిగిందో నన్నడక్కండి, కళ్లు తెరిస్తే కదా! దిగాక మావాడు మళ్లీ క్యూలోకి పరిగెత్తాడు, నేను బెంచీ వెతుక్కున్నాను.

అక్కడ కూర్చుంటే గుర్తొచ్చింది మా ఊరి రంగులరాట్నం. మాది సూళ్లూరుపేట. వెనకటికి చెంగాళమ్మ తల్లికి సుళ్లు ఉత్సవమని చేసేవారట. పొడుగాటి మాను కొసన, మొహానికి పసుపు పూసిన మేకను కట్టి మూడుసార్లు తిప్పేవారట. ఊరికి ఆ పేరు అందులోంచే వచ్చిందంటారు. పేరులోనే తిప్పుడున్న ఊళ్లో పుట్టాక రాట్నమంటే పిచ్చి ఉండదా మరి!

తిరునాళ్లలో ఇసక మీద రాట్నం వేసేవాళ్లు. మోటారూ లేదు, పాటా లేదు, తోసేది మనిషే. లుంగీ ఎగ్గట్టి, ఉత్తకాళ్లతో పరిగెత్తేవాడు. సాయంత్రానికి ఇసకలో అతని పాదాల కింద గుండ్రంగా కాలువ పడేది. వేగం అందుకున్నాక ఎగిరి కమ్మీ పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, అతనూ అరచుట్టు తిరిగేవాడు. అది చూడటానికే నేను తల వెనక్కి తిప్పి కూర్చునేదాన్ని. గుర్రాలు రెండు వరసలు. నాకు బయటి వరసే కావాలి. లోపలి గుర్రమూ బయటిదీ ఒకేసారి చుట్టు పూర్తిచేస్తాయి, కానీ బయటిదానికి దూరం ఎక్కువ, అందుకే జోరెక్కువ. ఈ లెక్క బళ్లో చెప్పకముందే మాకు తెలుసు. నా గుర్రానికి ఒక చెవి విరిగి ఉండేది, మెడ మీద రంగు అరిగి లోపలి చెక్క నున్నగా తగిలేది. ఎవరైనా ఏడుపు మొహం పెడితే ఆ మనిషి మడమలు ఇసకలో తన్నిపెట్టి ఆపేసేవాడు. నవ్వేవాళ్లకి ఒక చుట్టు ఎక్కువ. నాకెప్పుడూ ఎక్కువే.

పదో తరగతిలో స్కూలువాళ్లు మెడ్రాసు తీసుకొచ్చి వీజీపీ పార్కు చూపించారు. అక్కడ రైడ్ల కన్నా కదలకుండా నిలబడే శిలామనిషే నచ్చాడు. అతన్ని నవ్వించాలని మేం వెయ్యని వేషం లేదు.

తిరుగుదారిలో అమ్మ మెరీనాకి పోదామంది. ఇసకలో ఇప్పటికీ చేత్తో తిప్పే చిన్న రాట్నాలున్నాయి. మావాణ్ణి బతిమాలి ఎక్కించాం. తొమ్మిదో తరగతి వాడు, మోకాళ్లు గడ్డానికి ఆనుతుంటే ఎవరైనా చూస్తారేమోనని తల దించుకున్నాడు.

"మా రాట్నపాయన నా నవ్వు చూసి ఇంకో చుట్టు తిప్పేవాడు గుర్తుందా అమ్మా?" అన్నాను.

అమ్మ మరమరాలు నములుతూ, "నవ్వా? దిగితే ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చేదానివని నేనే ఒక పావలా ఎక్కువిచ్చేదాన్ని" అంది.

ముప్పై ఐదేళ్ల తర్వాతా చెప్పడం!

మావాడు రాట్నం ఆపించి దిగాడు. అయిపోయిందనుకున్నాం. వెళ్లి బయటి గుర్రం మీద కూర్చున్నాడు.