ఒకే కొలతలో ప్రపంచ వింతలు: నమూనాల పని ఎంతవరకు వచ్చింది

ప్రపంచ వింతలకు చిన్న నమూనాలు చేసే ఈ పనిలో అన్నిటికన్నా మేలు చేసింది, కొలతను మొదట్లోనే ఖాయం చేసుకోవడం. వేయింట ఒక వంతు, అంటే మీటరుకు మిల్లీమీటరు. పుస్తకంలో ఉన్న అంకెనే స్కేలు మీద గీసుకుంటే చాలు. 2007 జూలై 7న లిస్బన్‌లో ప్రజల ఓట్లతో ఎంపిక చేసి ప్రకటించిన కొత్త ఏడు వింతలనూ, ఆ జాబితాలో ఉండవలసిందని నేను నమ్మే కట్టడాలనూ ఒకే బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడాలని నా కోరిక. ఏది వింత, ఏది కాదు అన్న వాదన ఫొటోలతో తేలదు. ఫొటోలో ప్రతి కట్టడమూ చట్రం నిండుగానే ఉంటుంది.

గీజా మహా పిరమిడ్ పూర్తయింది. దాన్ని ఓటింగులో నిలబెట్టడమే తగదని ఈజిప్టు అభ్యంతరం చెప్పాక, పోటీ నుంచి తప్పించి గౌరవ స్థానం ఇచ్చారు. నా బల్ల మీద మాత్రం మిగతావాటికి కొలబద్ద అదే. భుజం 230 మీటర్లు, కట్టిన నాటి ఎత్తు సుమారు 146.6. త్రిభుజం గీసేటప్పుడు ఈ ఎత్తు వాడకూడదు. ముఖం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వాలు పొడవు 186 మిల్లీమీటర్లు తీసుకోవాలి. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకుంటే ఒక్కో ముఖం ఒక్కో కాగితంలో ఇముడుతుంది, జిగురు అంచుకు చోటు కూడా మిగులుతుంది. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) ఐవరీ కాగితం వాడాను. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగి మడిస్తే అంచు పగలదు.

రోములోని కొలోసియం పొడవు 188 మీటర్లు, వెడల్పు 156. అట్ట మీద 105 మిల్లీమీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి 188 మిల్లీమీటర్ల దారం వదులుగా కట్టి, పెన్సిలుతో ఆ దారాన్ని బిగువుగా లాగుతూ తిప్పితే దీర్ఘవృత్తం చక్కగా వస్తుంది. చుట్టుగోడకు దాదాపు 54 సెంటీమీటర్ల పట్టీ కావాలి కాబట్టి రెండు ముక్కలు అతికాను. గోడ ఎత్తు 48 మిల్లీమీటర్లు. కింది అంతస్తులోని 80 కమాన్లను గీసి వదిలాను. ఇంత చిన్న కొలతలో వాటిని కోస్తే పట్టీ నిలవదు. చైనా గోడ మింగ్ రాజవంశం కాలంలో కట్టినదే దాదాపు 8,850 కిలోమీటర్లు, నా కొలతలో 8.85 కిలోమీటర్ల అట్ట! ఒక అడుగు ముక్క చేసి పెట్టాను.

అసలు వాదన ఆ ఏడింటిలో ఒకటైన, బ్రెజిల్ నగరం రియోలోని క్రీస్తు విగ్రహం దగ్గర మొదలైంది. 1931లో పూర్తయిన ఆ విగ్రహం ఎత్తు 30 మీటర్లు, కింది పీఠం 8, చాచిన చేతుల వెడల్పు 28. బల్ల మీద అది మూడు సెంటీమీటర్ల బొమ్మ. అది నిలిచిన కోర్కోవాడో కొండ 710 మీటర్లు కాబట్టి, దాన్ని పేర్చాలంటే 71 సెంటీమీటర్లు కావాలి. విగ్రహం అందమైనదే, అంత ఎత్తున కాంక్రీటు పని చేయడం తేలికా కాదు. అయినా చూసేవారిని కదిలించడంలో పెద్ద వాటా ఆ కొండది, కింద పరుచుకున్న సముద్రానిది. ప్రకృతి సంపాదించిన మార్కులను కట్టినవారి ఖాతాలో వేయకూడదన్నది నా పట్టుదల.

“కోట్ల మంది గెలిపించినదాన్ని నువ్వొక్కదానివీ తీసేస్తావా?” అన్నారు మా బావగారు. “ఆ ఓట్లు ఎన్ని చేతులవి బావగారూ? ఒకే మనిషి ఫోనులో మళ్లీ మళ్లీ వేయడానికి వీలుంది కదా” అన్నాను. పది కోట్లకు పైగా ఓట్లు వచ్చాయని నిర్వాహకులు చెప్పారు. ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవారి అభిప్రాయమే అందులో కనిపిస్తుందని యునెస్కో అప్పుడే స్పష్టం చేసి దూరంగా ఉంది. తాజ్‌మహల్‌కూ మన దేశంలో ఓట్ల ప్రచారం జోరుగా సాగింది. ఓట్ల మాట అలా ఉంచినా తాజ్ నా జాబితాలో ఉంటుంది.

క్రీస్తు విగ్రహం స్థానంలో నేను పెట్టేది ఎల్లోరా కైలాస దేవాలయం. 2007 తుది పోటీకి వచ్చిన 21 పేర్లలో అది లేనే లేదు. 8వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో, కొండను పైనుంచి కిందికి తొలిచారు. మూడు వైపులా కందకాలు తవ్వి, మధ్యలో మిగిలిన బండనే గుడిగా చెక్కారు. అట్ట పని అంతా అతుకుల పని, దానితో ఈ గుడిని చేస్తే అబద్ధమే అవుతుంది. అందుకని స్నానం సబ్బు తీసుకున్నాను. ఆవరణ పొడవు దాదాపు 82 మీటర్లు, వెడల్పు 46, లోతు 30 మీటర్ల పైమాట. పెద్ద సబ్బు బిళ్ల కొలతలూ ఇంచుమించు అవే!

సబ్బు కొత్తదై ఉండాలి, ఎండినది పెళుసుగా విరుగుతుంది. మీద అచ్చొత్తిన పేరును ముందు చదును చేసుకోవాలి. పెద్ద ముక్కలకు చాకు, మూలలకు దబ్బనం, గీతలకు సూది వాడుతున్నాను. మొదటి గాటు శిఖరానిది. శిఖరం ఎక్కడ రావాలో తెలియాలంటే అడుగున గర్భగుడి ఎక్కడో ముందే నిర్ణయమై ఉండాలి. నంది మండపానికీ గుడికీ మధ్య వంతెన ఉంది. దాని కింద తొలవకముందే దానికి చోటు వదలాలి. తీసిన ముక్క తిరిగి రాదు. సబ్బు మీదే ఇంత జాగ్రత్త కావాలంటే, ఉలితో నల్లరాతి కొండ మీద అది ఎలా సాధ్యమైందో! బరోడాలో దొరికిన రాష్ట్రకూట తామ్రశాసనంలో, ఈ గుడిని నిర్మించిన శిల్పే దాన్ని చూసి, నేనిది ఎలా చేయగలిగానని ఆశ్చర్యపోయినట్టు ఉంది. వింత అనే పేరుకు నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంట్లో పిల్లలు రామప్ప గుడి ఎందుకు లేదని అడుగుతున్నారు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ గుడికి ఇసుక పునాది, శిఖరంలో నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు. అర్హతకు లోటు లేదు. కానీ దాని గొప్పతనమంతా పనితనంలో ఉంది, మిల్లీమీటర్లలో అది కనబడదు. దానికి నూరింట ఒక వంతు కొలతలో వేరే పలక సిద్ధం చేస్తాను.

ఇక పెరూ కొండల్లోని ఇంకాల నగరం మాచు పిచ్చూ పని. అక్కడా కొండే ఉంది కదా అని బావగారు పట్టుకున్నారు. కానీ అక్కడ మెట్ల మళ్లు కొండను జారకుండా పట్టి ఉంచుతున్నాయి, వాన నీరు ఇంకడానికి మట్టి కింద కంకర, దాని కింద రాళ్లు పరిచారు. కొండ పనిలో మనిషి పని కలిసిపోయింది కాబట్టి అది జాబితాలోనే ఉంటుంది. ఒక మిల్లీమీటరు అట్టను పొరలుగా పేర్చి ఆ మళ్లు చేస్తాను. దాని తర్వాత జోర్డాన్ దేశపు పెట్రాలో ఖజానా అని పిలిచే కట్టడం. ఎత్తు దాదాపు 40 మీటర్లు, అదీ రాతిలో తొలిచినదే కాబట్టి మళ్లీ సబ్బే. గులాబీ రంగు బిళ్ల తెచ్చి ఉంచాను.