'ఏ దేశం?' అన్న ఎర్ర ఇంకు ప్రశ్న

ఫ్రెండ్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్‌తో సివిల్స్ మెయిన్స్‌కి చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నియంతృత్వం నుంచి బయటపడే దేశంలో పాలనా సంస్కరణల గురించి టెస్ట్ సిరీస్‌లో ప్రశ్న వస్తే నాకు 15కి 4 పడ్డాయి. పారదర్శకత, జవాబుదారీతనం అంటూ రెండు పేజీలు నింపాను. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒకటే మాట: 'ఏ దేశం?'

ఆ రాత్రే దక్షిణాఫ్రికా పట్టుకున్నాను. ముందు కాగితం మీద మ్యాప్ గీశాను. వర్ణవివక్ష పాలన ముగిసిన 1994కు ముందు 4 ప్రావిన్సులు, నల్లజాతివాళ్లను వేరు చేసి పెట్టిన 10 హోమ్‌ల్యాండ్‌లు. వాటిలో ట్రాన్స్‌కై, వెండా లాంటి నాలుగింటికి పేరుకి 'స్వాతంత్ర్యం' కూడా ఇచ్చారు. దేనికదే ఆఫీసులు, దేనికదే సిబ్బంది. అన్నిటినీ కలిపి 9 ప్రావిన్సులు చేయాలి. 2014లో మన రాష్ట్రం రెండైతేనే ఉద్యోగుల పంపకం ఏళ్ల తరబడి సాగింది కదా!

మరి పాత ఉద్యోగులను ఏం చేయాలి? నా దృష్టిలో ఈ టాపిక్‌కి గుండెకాయ ఇదే. తీసేస్తే పింఛన్లు, ఆసుపత్రులు నడిపేదెవరు? వాళ్లు అడ్డం తిరిగితే అధికార మార్పిడే ఆగిపోవచ్చు. అందుకే 1992లో కమ్యూనిస్టు నేత జో స్లోవో 'సన్‌సెట్ క్లాజ్' (కొంతకాలానికే వర్తించే రాజీ నిబంధన) ప్రతిపాదించారు, 1993 తాత్కాలిక రాజ్యాంగం వాళ్ల ఉద్యోగాలకు రక్షణ ఇచ్చింది. దీనివల్ల మార్పు నెమ్మదించిందనే విమర్శ ఉంది. అయినా ఆ రాజీ తప్పనిసరి అనే నేను రాస్తాను.

తర్వాత 1997 శ్వేతపత్రం, 'బాతో పెలే'. సెసోతో భాషలో 'ముందు ప్రజలు' అని అర్థం. అందులోని 8 సూత్రాల్లో 'మర్యాద' ఒకటి. అది చదివి కాసేపు ఆగిపోయాను. మా నాన్న ఒక ఆఫీసులో చెప్పులు బయట విప్పి, కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం చిన్నప్పుడు చూశాను. ఒకప్పుడు నల్లవాళ్లను పాస్‌బుక్ (తిరగడానికి అనుమతి పుస్తకం) చూపించమని ఆపిన రాజ్యం, పౌరుడితో మర్యాదగా మాట్లాడటం తన విధి అని రాసుకుంది. ఎథిక్స్ పేపర్‌లో సిటిజన్ చార్టర్ (ఆఫీసు పౌరులకిచ్చే సేవల హామీ పత్రం) వస్తే ఇది తప్పకుండా వాడండి.

ఇంకొకటి. 1996 రాజ్యాంగంలో సెక్షన్ 195 పాలనా విలువలు చెబుతుంది, సెక్షన్ 32 సమాచార హక్కు ఇస్తుంది. మన 2005 చట్టం ప్రధానంగా ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. అక్కడ మాత్రం తన హక్కు కాపాడుకోవడానికి అవసరమైతే ప్రైవేటు కంపెనీ దగ్గరున్న సమాచారం కూడా నేరుగా అడగొచ్చు. ఈ పోలిక చేర్చి అదే ఆన్సర్ మళ్లీ రాస్తే 8 వచ్చాయి.