తులిప్ ఉందాండీ?

కడియంలో మాదో చిన్న నర్సరీ. మూడేళ్ళ కిందట ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ రెండూ చూసిపెట్టమని ఒక ఏజెన్సీకి అప్పజెప్పాం. నెలకి 8 వేలు. రోజూ పొద్దున్నే ఒక పోస్టు పడేది: నీటిబొట్లు జారుతున్న ఏదో పువ్వు, దాని కింద ఇంగ్లీషులో శుభోదయం. ఒకరోజు ఎర్రటి తులిప్ తోట ఫోటో పెట్టి, కింద మా నర్సరీ పేరు, నాన్న ఫోన్ నంబరు వేశారు. కడియంలో తులిప్పేంటండీ! అది చలిదేశపు దుంప, మా ఎండకి నిలబడేది కాదు. ఆ రోజంతా నాన్న ఫోన్ మోగుతూనే ఉంది. "తులిప్ ఉందాండీ? జత ఎంతండీ?" సాయంత్రానికి నాన్న ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇదేదో నువ్వే చూసుకోమ్మా, లేకపోతే గోదాట్లో పారేస్తాను" అన్నారు.

నేను వచ్చాక ఏదో వెలగబెట్టానని కాదు. మొదట్లో నేనూ ఉచిత గులాబీ పోటీ పెట్టాను. పేజీ ఫాలో అయ్యి ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చేస్తే, లాటరీలో పేరొచ్చినవాళ్ళకి మొక్క. పది రోజుల్లో 4 వేల మంది చేరారు. మా తమ్ముడికి స్వీట్లు కూడా తెప్పించాను. ఆ తర్వాత ఏం పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. నాకు అర్థమైనంతలో, మనం పెట్టింది ఫేస్‌బుక్ వాళ్ళు ముందు కొందరికి చూపించి, వాళ్ళు ఆగి చూస్తేనే ఇంకొందరికి చూపిస్తారు. లాటరీ కోసం వచ్చినవాళ్ళు మల్లెమొక్క దగ్గర ఎందుకు ఆగుతారు? 3 వేలు కట్టి ఒక పోస్టుని బూస్ట్ కూడా చేశాను, అంటే ఇంకా ఎక్కువమందికి చూపించమని; ఏ ఊళ్ళ వాళ్ళకో ఎంచుకోవడం మర్చిపోయి. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో లైకులొచ్చాయి. మాకు ఆ రాష్ట్రాల నుంచి లారీలొచ్చే మాట నిజమే గానీ, లైకు కొట్టినవాళ్ళు లారీ వాళ్ళు కాదు కదా.

అసలు సంగతి తెలిసింది ఒక తిట్టు వల్ల. కాకినాడ నుంచి ఒకావిడ కామెంటు పెట్టారు: "మీ దగ్గర కొన్న గులాబీ దండగ. ఏడాదైంది, ఒక్క పువ్వు లేదు." నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, తీసేశాను. రెండు గంటల్లో అదే మాట ఒక మిద్దెతోట గ్రూపులో ప్రత్యక్షం, "అడిగితే కామెంటు తీసేశారు" అన్న ముక్కతో సహా. కింద జనం మమ్మల్ని చాకిరేవు పెడుతున్నారు.

నాన్నకి చెబితే తిడతారనుకున్నాను. "మొక్క ఫోటో పంపమను" అన్నారంతే.

ఫోటో వచ్చింది. నిలువెత్తు మొక్క, పచ్చగా, బలంగా, ఒళ్ళంతా ముళ్ళు. నాన్న రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇది మన గులాబీ కాదమ్మా, కింది నాటుది" అన్నారు. మేం అమ్మే గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలే. వేరు మొండి జాతిది, పైన కట్టింది పూలది. అంటు ముడి కింద నుంచి చిగురొస్తే వెంటనే తుంచెయ్యాలి. వదిలేస్తే బలమంతా అది లాగేసుకుని పైది చచ్చిపోతుంది. ఆవిడ ఏడాదిగా ఎరువేసి మరీ పెంచింది ఆ నాటు మొక్కనే. ఇది మేం మొక్క ఇచ్చేటప్పుడే చెప్పాల్సిన మాట. చెప్పలేదు.

మర్నాడు ఒక వీడియో తీశాను. నాన్న మొహం చూపించనివ్వరు కాబట్టి చేతులే, గోళ్ళలో మట్టితో సహా. చాకుమొనతో ముడి చూపించి, "దీని కింద వచ్చింది ఏదైనా సరే పీకెయ్యండి, కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది" అన్నారు. రెబ్బకి ఏడాకులుంటే నాటుదని చాలామంది అంటారు గానీ, కొన్ని మంచి రకాలకీ ఏడుంటాయి, ఆకులు లెక్కపెట్టి తొందరపడొద్దని కూడా చెప్పారు. పాట పెట్టలేదు, వెనక మోటారు చప్పుడు. ఆ గ్రూపులోనే, ఆవిడ పోస్టు కిందే, కామెంటు తీసేసినందుకు క్షమించమని రాసి వీడియో పెట్టాను. ఆవిడకి ఇంకో మొక్క పంపాం.

ఇప్పటికీ మా పేజీలో ఎక్కువమంది చూసింది అదే. కింద వందల ఫోటోలు. "మాదీ ఇంతేనాండీ?" "ఇది ముడేనా, వేరేదా?" అప్పటిదాకా మేం పూసిన మొక్కలే చూపించాం. జనం ఇళ్ళల్లో ఉన్నవి పూయనివీ, ఎండిపోతున్నవీను.

అప్పట్నించీ శనివారం సాయంత్రం స్టోరీలో ఒకటే ప్రశ్న: మీ ఇంట్లో ఏ మొక్క ఏడిపిస్తోంది? వచ్చినవాటిలో ఒకటి ఎంచుకుని ఆదివారం పొద్దున్నే జవాబు పెడతాను. మా వాళ్ళు ఎక్కువమంది ఫోన్ చూసేది మొక్కలకి నీళ్ళు పోసే వేళ. జవాబు వాళ్ళ మాటల్లోనే ఉండాలి. ఒకసారి "మిలీబగ్ నివారణ" అని పెడితే పట్టుమని పదిమంది చూడలేదు. అదే వీడియోకి "మందారానికి తెల్లబూజు" అని పేరు మార్చి పెడితే వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా పిన్ని దగ్గర్నుంచి నాకే వచ్చింది. వేపనూనె, సబ్బునీళ్ళు, అంతే అందులో ఉన్నది.

మల్లెది ఇంకో కథ. చలికాలంలో "ఈ వారం మల్లెలకి నీళ్ళు తగ్గించండి, ఆకు దూసి కొమ్మలు కత్తిరించండి" అని పెట్టాను. లైకులు అంతంత మాత్రం. కానీ సేవ్ చేసుకున్నవాళ్ళు లైకులకి రెట్టింపు. ఎండలు ముదిరాక వాళ్ళే మొగ్గల ఫోటోలు పంపడం మొదలెట్టారు, కొందరు జడతో సహా.

ధర విషయంలో నాన్నకీ నాకూ నెల రోజులు మాటల్లేవు. ధర అడిగినవాళ్ళకి "ఇన్‌బాక్స్‌లో రండి" అంటే మళ్ళీ రారని నేను. రాస్తే పక్కవాళ్ళు చూసి 5 రూపాయలు తగ్గిస్తారని ఆయన. రాశాం. పక్కవాళ్ళు నిజంగానే తగ్గించారు. ఇప్పటికీ భోజనం దగ్గర ఆ మాట ఎత్తుతారు.

ఒకే మెసేజి చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక లిస్టుకి 256 మందికే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి మొక్క కవరుకీ చిన్న చీటీ కడుతున్నాం: "ఈ నంబరు దాచుకోండి, మొక్క నలతగా ఉంటే ఫోటో పెట్టండి."

దాంతో వచ్చి పడిన చిక్కు ఏంటంటే, జనం నిజంగానే పెడుతున్నారు. ఇది రాస్తుండగా 14 వాయిస్ మెసేజిలు వచ్చి ఉన్నాయి, ఒకటైతే నాలుగు నిమిషాలు. నాన్న పక్కన కూర్చుని అది రెండోసారి వింటున్నారు. నిమ్మచెట్టు పూత రాలిపోతోందట. "నీళ్ళెక్కువ పెడుతున్నారేమో, కుండీకి కింద చిల్లి ఉందో లేదో అడుగమ్మా" అంటున్నారు. అడుగుతున్నాను.