విదేశీ విద్యార్థులకు ఇల్లు అద్దెకివ్వడం గురించి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదవడానికి ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి వచ్చిన పిల్లలు తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ వీధుల్లో టులెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరగడం మేము ఏటా చూస్తూనే ఉంటాము. మా పై పోర్షన్‌ను కొన్నేళ్లుగా అటువంటి విద్యార్థులకే అద్దెకు ఇస్తున్నాము. ఈ మహానగరంలో వారు నిలదొక్కుకోవడానికి పట్టే కాలం విశ్వవిద్యాలయం కంటే ఇంటి యజమాని చేతిలోనే ఎక్కువగా ఉంటుందని అనుభవం మీద నాకు తెలిసివచ్చింది.

అది ఎలాగో చెబుతాను. 180 రోజులకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవారు మన దేశంలో దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో, అంటే అందరూ ఎఫ్‌ఆర్‌ఆర్‌వో అనే చోట, పేరు నమోదు చేసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. కానీ పాస్‌పోర్టు, వీసా, కళాశాల ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్‌తో పాటు ఉంటున్న చిరునామాకు రుజువు కూడా జతచేయాలి. హాస్టల్లో సీటు దొరకని విద్యార్థికి ఆ రుజువు ఇవ్వగలిగినది ఇంటి యజమాని ఒక్కరే. అద్దె ఒప్పందం రాసివ్వాలి, విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఫారం సి అని పిలుచుకునే వివరాలను ఆన్‌లైన్‌లో నింపాలి. అద్దె తీసుకోవడానికి ఒప్పుకుని ఈ రెండింటికీ వెనుకాడే యజమానులు మా వీధిలోనే ఉన్నారు. దానితో నమోదు ఆగిపోతుంది, బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఇంటి నుంచి రావలసిన డబ్బు ఎక్కడో చిక్కుకుంటుంది, పద్నాలుగు రోజుల గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. భాష కూడా రాని ఊళ్లో ఇరవై ఏళ్ల పిల్లలు ఆ రోజులను ఎంత ఆందోళనతో గడుపుతారో నేను దగ్గరగా చూశాను.

ఫారం సి అనగానే పోలీసులు గుమ్మం ఎక్కుతారని భయపడేవారికి ఒక మాట చెప్పాలి. ఒకసారి మన ఇంటి వివరాలతో లాగిన్ తీసుకుంటే, ఆపైన పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, వచ్చిన తేదీ వంటివి నింపడం కొద్దిసేపటి పని. నిజానికి అది నింపకపోతేనే చిక్కు. విదేశీయులని తెలియగానే అద్దె పెంచి చెప్పే బ్రోకర్ల సంగతి వేరు. అది అన్యాయమని ఎవరైనా ముఖం మీదే చెప్పాలి.

కాగితాల పని ముగిశాక మొదలయ్యేది ఇంకో రకమైన పరిచయం. ప్రస్తుతం పై పోర్షన్‌లో ఉన్నది సూడాన్ నుంచి వచ్చిన అమ్మాయి. మంజీరా నీళ్లు ఏ కుళాయిలో వస్తాయో, బోరు నీళ్లు ఏ కుళాయిలో వస్తాయో, నీళ్లు వదిలే రోజున మోటారు ఎప్పుడు వేయాలో మొదటి వారంలోనే చూపించాను. ఎవరూ చెప్పకపోతే ఇటువంటివి కొత్తవారికి ఎలా తెలుస్తాయి? దారుల కోసం ఆమె పెద్దగా ఇబ్బంది పడలేదు. తార్నాకలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా ఒకే రైలు. పైగా అరబీ చదివిన కళ్లకు ఇక్కడి ఉర్దూ బోర్డుల లిపి కొత్తది కాదు.

ఆమెకు తిండి దగ్గరే బెంగ పట్టుకుంది. హోటల్ భోజనంలో కారం తట్టుకోలేక చాలా రోజులు బ్రెడ్డు, అరటిపండ్లతో సరిపెట్టుకుంది. ఒక సాయంత్రం వీధి మలుపులో జొన్న రొట్టెలు చేసే బండి దగ్గర ఆగి, ఆ పిండి ఏమిటని నన్ను అడిగింది. సూడాన్‌లో నిత్యం తినే కిస్రా కూడా జొన్నలతో చేసేదేనట. మరునాడు గిర్నీలో జొన్నలు పట్టించి తెచ్చాను. ఆమె ఆ పిండిని జారుగా కలిపి, పులియబెట్టి, మా దోసె పెనం మీద పోసి, గరిటె పక్కన పెట్టి, ఒక ప్లాస్టిక్ అట్టముక్క అంచుతో ఒక్క ఊపున పలుచగా లాగేసింది. మన పెసరట్టు దాని ముందు మందమే. బెండకాయ ముక్కలతో కూర వండి దానితో కలిపి మాకు పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె తన వంట తానే చేసుకుంటోంది. చదువు మీద మనసు నిలిచిందని ఆమే చెప్పింది.

పరాయి దేశస్థులతో ఎందుకొచ్చిన గొడవ అనే మాట ఈ నగరంలో వినవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా ఆశ్విక దళం పేరు మీదనే ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. అదే సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల వంశీకులు బార్కస్‌లో నేటికీ ఉన్నారు. హలీంకు మూలమైన హరీస్ కూడా అరబ్బు వంటకమే. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం పక్కన ఇళ్లు కట్టుకున్న మనకు, అక్కడికి చదువుకోవడానికి వచ్చేవారి పట్ల కొంత బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా ఎదురింటి వదినగారు ఈ ఏడాది కింది పోర్షన్‌ను ఇద్దరు సోమాలియా విద్యార్థినులకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వాళ్లు దిగిన రోజునే ఆవిడ పక్కన కూర్చుని ఫారం సి నింపిస్తానని మాట ఇచ్చాను. అద్దె ఒప్పందం నమూనా కూడా ఇప్పటికే ఇచ్చాను. తార్నాక చుట్టుపక్కల ఇంకెవరికైనా కావాలంటే అడగండి, కాపీ ఇస్తాను.