వరిమడిలో మీథేన్ తగ్గించాలంటే: గొట్టం, గడ్డి, యూరియా

మడిలో నీళ్లు నిలవగానే మీథేన్ పుట్టదు. ముందు నేలలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత నైట్రేటు, మాంగనీసు, ఇనుము, సల్ఫేటు వరుసగా ఖర్చవుతాయి. అవన్నీ అయ్యాకే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. ఆ వాయువులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలున్న గాలి దారుల గుండానే పైకి పోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు పైమాటే.

మడి ఒకసారి సరిగ్గా ఆరితే నేలలోని ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. తిరిగి నీళ్లు పెట్టినా ఆ తుప్పు ఖర్చయ్యేదాకా మీథేన్ ఊపందుకోదు. మడిని ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెట్టే తడి-పొడి పద్ధతి పనిచేసేది ఇందుకే. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019 లెక్క ప్రకారం, ఎప్పుడూ నీళ్లు నిలిపే మడితో పోలిస్తే పంటకాలంలో ఒకసారి ఆరబెడితే సుమారు 29 శాతం, పలుమార్లు ఆరబెడితే 45 శాతం మీథేన్ తగ్గుతుంది.

మడి ఎంత ఆరిందో గట్టు మీద నిలబడి చెప్పలేం. అందుకే గొట్టం. అడుగు పొడవు, 4 నుంచి 6 అంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ ముక్క చాలు. కింది 20 సెం.మీ. మేర చుట్టూ 5 మి.మీ. రంధ్రాలు, రెండేసి సెంటీమీటర్ల దూరంలో వేయాలి. గట్టుకు దగ్గరగా, మిట్టా పల్లమూ కాని చోట ఆ 20 సెం.మీ. నేలలో దిగేలా పాతి, లోపలి మట్టి మొత్తం తోడెయ్యాలి. దమ్ము కిందుండే గట్టి పొరకు మాత్రం చిల్లు పడకూడదు. నీళ్లు పెట్టిన కొన్ని గంటలకు గొట్టం లోపలా బయటా నీటిమట్టం ఒకటే ఉండాలి. తేడా ఉంటే రంధ్రాలు పూడుకున్నట్టే, పీకి కడిగి మళ్లీ పాతండి. ఈ పరీక్ష చేయకపోతే గొట్టం చెప్పే మాటకు విలువ లేదు.

నాటిన 10-15 రోజుల నుంచి మొదలుపెట్టవచ్చు. కలుపు ఎక్కువుంటే మరో వారమో రెండు వారాలో ఆగడం మేలు. గొట్టంలో నీళ్లు నేలమట్టానికి 15 సెం.మీ. కిందికి దిగాక 5 సెం.మీ. లోతున నీళ్లు పెట్టాలి. మళ్లీ దిగేదాకా మోటారు జోలికి పోవద్దు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం మడి ఆరనివ్వకూడదు, ఆరితే తాలు గింజలు పెరుగుతాయి. నల్లరేగడిలో 15 సెం.మీ. కన్నా కిందికి పోనిస్తే నెర్రెలు విచ్చి, తర్వాత పెట్టిన నీళ్లు వాటిలోకే పోతాయి, ఆదా అయినదంతా అక్కడే పోయినట్టు.

చాలామంది పట్టించుకోనిది గడ్డి. పచ్చి మోళ్లను నాట్ల ముందు దమ్ములో కలిపేస్తే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు మేత మనమే పెట్టినట్టు. అదే గడ్డి నాట్లకు 30 రోజుల కంటే ముందే కలిపితే, ఐపీసీసీ లెక్కలో దాని బరువులో ఐదో వంతు మాత్రమే మీథేన్ పుట్టించే గడ్డిగా లెక్కకొస్తుంది. వానాకాలం కోత కాగానే, పదును ఉండగానే రోటవేటర్ తిప్పి, నీళ్లు పెట్టకుండా వదిలేయండి. యాసంగి నాట్లకల్లా చివికిపోతుంది. తగలబెట్టడం పరిష్కారం కాదు.

యూరియా చల్లి మడిని ఎండనిచ్చి, ఆపైన నీళ్లు పెడితే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడెక్కించే వాయువు వస్తుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అందుకే యూరియా ఎప్పుడూ తడి ఇచ్చే ముందే, అదీ ఒకేసారి కాకుండా దఫాలుగా.

బోరు కింద ఆటో స్టార్టర్ ఉంటే ఇదంతా వృథా: కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచి మడి నింపేస్తుంది, గొట్టం చూసే అవసరమే రాదు. తీసేయడమే మంచిది. కాలువ కింద వంతు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తేనే రైతు ధైర్యంగా మడి ఆరబెడతాడు, కాబట్టి అక్కడ ఆయకట్టు మొత్తానికి ఒక షెడ్యూలు ఉండాలి. సముద్రతీర డెల్టాలో ఉప్పు తేలే చౌడు మళ్లలో మాత్రం ఈ పద్ధతి వద్దు. ఆరిన కొద్దీ వేరు దగ్గర ఉప్పు పేరుకుని దుబ్బు మాడిపోతుంది.