డిప్రెషన్ మందు ట్రయల్: సంతకానికి ముందు పాత మాత్రల లెక్క

డిప్రెషన్ మందుల ట్రయల్‌లో (కొత్త మందును మనుషులపై పరీక్షించే అధ్యయనంలో) చేరదామా వద్దా అని ఆలోచించేవాళ్లను అందరికన్నా ముందు భయపెట్టేది కొత్త మాత్ర. నిజానికి తిప్పలు మొదలయ్యేది పాత మాత్ర ఆపే దగ్గరే.

కొత్త మందు ప్రభావం తేటగా కనబడాలంటే పాతది ఒంట్లోంచి పోవాలి. దీన్ని వాషవుట్ అంటారు. ఫ్లూఆక్సెటిన్ వాడేవాళ్లకు సాధారణంగా 5 వారాలు ఆగమంటారు. ఆ మందు, అది విరిగి తయారయ్యే పదార్థం, రెండూ ఒంట్లో చాలాకాలం ఉండిపోతాయి మరి. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ దీనికి పూర్తిగా రివర్సు. కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోతాయి, ఆ వేగమే చిక్కు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జర్కులు రావచ్చు. ఇది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు మానిన ప్రభావం. సరిగ్గా ఆ వారంలోనే జబ్బు తీవ్రతను మార్కులతో కొలిచే ఇంటర్వ్యూ పడితే స్కోరు పెరిగిపోతుంది. డోసు తగ్గించుకుంటూ ఎన్ని వారాల్లో ఆపుతారో కాగితం మీద రాయించుకోండి. పాత మందు బాగా పనిచేస్తూ ఉంటే మాత్రం, ట్రయల్ కోసం దాన్ని ఆపడంలో అర్థం లేదు.

బీరువాలో దాచిన పాత స్ట్రిప్పులోంచి రాత్రిళ్లు ఒకటి వేసుకోవడం కూడా జరిగే పనే. వద్దు. సెరటోనిన్ పెంచే మందులు రెండు కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం, అయోమయం రావచ్చు. నొప్పులకిచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా ఈ లిస్టులోవే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం, హోమియో, నిద్రమాత్ర, అన్నీ ట్రయల్ నడిపే కోఆర్డినేటర్‌కు చెప్పాలి. మద్యం తాగే అలవాటుంటే అదీ చెప్పాలి.

ఇక డమ్మీ మాత్ర, అంటే చూడ్డానికి అలాగే ఉండి లోపల మందు లేని మాత్ర. ట్రయల్‌లో కొందరికి అసలు మందు, కొందరికి ఇది ఇస్తారు. ఎవరికి ఏది పడిందో పేషెంటుకూ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. డమ్మీ పడితే మోసపోయినట్టేనా? ఈ ట్రయల్స్‌లో డమ్మీ వేసుకున్నవాళ్లలోనూ పదిమందికి ముగ్గురు నలుగురు చెప్పుకోదగ్గంతగా తేరుకుంటారు. ప్రతి వారం ఒకరు కూర్చోబెట్టి శ్రద్ధగా వినడం, జబ్బు తనంతట తాను కొంత తగ్గడం, ఆశ, ఇవన్నీ అందులో కలిసుంటాయి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 522 ట్రయల్స్, 21 మందులు చూసింది. అన్ని మందులూ డమ్మీ కన్నా మెరుగే, కానీ తేడా మాత్రం ఓ మోస్తరే. అందుకే అడగాల్సింది ‘నాకు ఏది పడుతుంది’ అని కాదు. ‘నాకు దిగజారితే ఎన్ని రోజుల్లో పట్టుకుంటారు, అప్పుడు ఏ మందు ఇస్తారు’ అని అడగండి.

దిగజారడం పట్టుకునేది స్కేళ్లతోనే, అంటే ప్రశ్నలడిగి మార్కులు వేసే పద్ధతులతోనే. మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువని. హామిల్టన్ స్కేలులో 17 ప్రశ్నలు, గరిష్ఠంగా 52 మార్కులు. మాడ్రస్ అనే ఇంకో స్కేలులో 10 అంశాలు, 60 మార్కులు. స్కోరు సగానికి పడితే మందు పనిచేసినట్టు లెక్క. చేర్చుకోవడానికి కనీస స్కోరు ఉంటుంది కాబట్టి, కొన్నిచోట్ల మొదటి రోజు మార్కులు కాస్త ఎక్కువ వేసే ధోరణి ఉంటుంది. పేషెంటు కూడా సీటు పోతుందేమోనని బాధ పెంచి చెబుతాడు. రెండో వారానికి ఆ ఉబ్బు దానంతటదే దిగుతుంది, డమ్మీ కూడా బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనబడుతుంది. మంచి మందులు ట్రయల్‌లో ఓడిపోవడానికి ఇదొక కారణం. ‘గుండెల్లో బరువు’, ‘ఒళ్లంతా లాగుతోంది’, ‘ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు’ అని మీ మాటల్లోనే చెప్పండి. గత వారం సంగతి అడిగితే గత వారందే చెప్పండి.

మొదటి రెండు వారాల్లో వికారం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, కాలు నిలవని ఆందోళన మామూలే. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కష్టం ముందు, సుఖం తర్వాత అన్నమాట. ఈ మధ్యకాలమే ప్రమాదం. ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో ఇచ్చిన హెచ్చరికను 2007లో 24 ఏళ్ల దాకా పొడిగించింది. అందుకే ట్రయల్ సంగతి ఇంట్లో కనీసం ఒకరికి తెలిసుండాలి. 24 గంటలూ పలికే నంబరున్న కార్డు వాళ్ల దగ్గర కూడా ఉండాలి. ప్రాణం మీదికొస్తే కోడ్ తెరిచి ఏ మందు వేసుకున్నారో చూసే ఏర్పాటు ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ నడిపే రాతపూర్వక ప్రణాళికలో ఉంటుంది. అర్ధరాత్రి అది ఎవరు తెరుస్తారో ముందే అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 తెలుగులోనూ పలుకుతుంది.

కన్సెంట్ ఫారం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి, సంతకమైన కాపీ తీసుకోండి. ట్రయల్‌కు సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది. ఆ సైట్‌లో వెతికితే డమ్మీతో పోలుస్తున్నారా, వేరే మందుతోనా, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది అన్నీ కనబడతాయి. నంబరు చెప్పలేకపోతే అక్కడితో లేచి వచ్చేయండి. ఒక కంపెనీ మందు అసలు మందులాగే ఒంట్లో చేరుతోందా అని చూడటానికి ఆరోగ్యవంతులకు డబ్బిచ్చి రక్తం తీసే బీఈ (బయోఈక్వివలెన్స్) స్టడీలు వేరు. 2011లో పిడుగురాళ్ల మహిళల విషయంలో గొడవైంది ఆ బాపతు స్టడీ గురించే. పేషెంట్ల ట్రయల్‌లో మామూలుగా దారి ఖర్చులే ఇస్తారు.

మన దేశంలో ట్రయల్స్‌పై ఉన్న 2019 నిబంధనల ప్రకారం ట్రయల్‌లో హాని జరిగితే, దానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు, లేదా అవసరమున్నంతకాలం, ఉచితంగా వైద్యం చేయించాలి. తీవ్రమైన ఘటనను డాక్టరు 24 గంటల్లో రిపోర్టు చేయాలి. అందుకే తేదీ, టైముతో సహా డైరీలో రాసిపెట్టుకోండి.

ఖాళీ స్ట్రిప్పులు పారేయొద్దు. మాత్రలు లెక్కపెట్టేది వాటితోనే. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు, మర్చిపోయానని చెబితే చాలు.

మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ ట్రయల్ మానడం వేరు, మాత్ర ఆపడం వేరు. మాత్రను తగ్గించుకుంటూనే రావాలి, ఎంత డోసు నుంచి ఎంతకో వాళ్లే చెప్పాలి. చివరి విజిట్ రోజు మిగిలిన మాత్రలు తీసేసుకుంటారు. మర్నాడు పొద్దున్న ఏ మాత్ర వేసుకోవాలో, చీటీ ఎవరు రాస్తారో ఆ రోజుకు రెండు వారాల ముందే తేల్చుకోవాలి.