ఎండ కాస్తోంది కదా అంటాడు బావ

డల్లాస్ నుంచి బావ వచ్చి నాలుగు రోజులైంది, అందులో మూడు రోజులు మంచు తుపానే. ఇవాళ సాల్ట్ లేక్ సిటీ ఆకాశం కడిగినట్టు ఉండేసరికి పొద్దున్నే బూట్లు వేసుకుని కూర్చున్నాడు, కొండెక్కి ఫొటోలు దిగుదామని. అవలాంచ్‌లు, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి జారిపడే ప్రమాదం ఉందని వద్దన్నాను. అలిగాడు.

చెబితే వినడని, పైన ఎక్కడా వాలు లేని ఓ చదును చోటికి తీసుకెళ్లి పారతో నడుంలోతు గొయ్యి తవ్వాను. పైన దూదిలాంటి కొత్త మంచు, దాని కింద గాలికి బిగిసి అట్టలా తయారైన పొర, అట్టడుగున నవంబరులో పడి వారాల తరబడి చలికి ఎండిన పాత మంచు. అది గుప్పెడు తీసి పిసికితే ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. "ఇదేంట్రా, ఉప్మారవ్వలా ఉంది!" అన్నాడు. ఇక్కడివాళ్లు షుగర్ స్నో అంటారు, నాకు మాత్రం బావ మాటే నచ్చింది.

ఎండ తగలని ఉత్తరం వాలుల్లో ఈ రవ్వ మీదే మూడు రోజుల బరువంతా కూర్చుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలైతే మనిషి బరువు చాలు, కింద రవ్వ కుంగి పైన అట్ట మొత్తం పలకలా తెగి జారుతుంది. ప్రాణాలు తీసే అవలాంచ్‌లలో ఎక్కువ భాగం అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల పక్కవాళ్లో కదిలించినవే. మంచు కింద కప్పబడిపోతే పావుగంటలోపు తవ్వి తీయాలి, ఆ తర్వాత బతికే ఆశ గబగబా పడిపోతుంది.

"ప్రమాదం మూడో స్థాయే కదరా, అయిదుకి మూడు!" అన్నాడు బావ, ఫోన్‌లో అవలాంచ్ హెచ్చరిక చూసి. అదే కొంప ముంచేది. నాలుగు, అయిదు ఉన్న రోజు జనం భయపడి ఇంట్లో ఉంటారు, మూడు చూసి బయల్దేరతారు, చావులు ఎక్కువ జరిగేది అప్పుడే.

ఇక్కడికి దగ్గర్లోని లిటిల్ కాటన్‌వుడ్ లోయలో ఆల్టా అనే ఊరుంది, 2022-23 చలికాలంలో అక్కడ 903 అంగుళాల మంచు పడింది. ప్రమాదం మరీ ముదిరితే అక్కడ గడప దాటడం కూడా నేరమే, ఇంటర్‌లాడ్జ్ అంటారు. 2021 ఫిబ్రవరిలో 60 గంటలు అలాగే తలుపులేసుకుని ఉన్నారు. ఇది విన్నాక బావ కాస్త మెత్తబడ్డాడు.

చివరికి ఉప్పు సరస్సులోని ఆంటిలోప్ ఐలాండ్ అనే దీవికి తీసుకెళ్లి బైసన్‌లను, అంటే అమెరికా అడవిదున్నలను చూపించాను. ఫొటోలు అక్కడే దిగాడు, వెనక కొండలు కనపడేలా.